గేటు నుంచి గేటు దాకా ఒక్క రోజు మాతో నడవండి

జిల్లా ఆసుపత్రి సూపరింటెండెంట్ గారికి, ఆసుపత్రి అభివృద్ధి సంఘం సభ్యులకు నమస్కారాలు.

ఓపీ చీటీలిచ్చే కిటికీ తెరిచేది ఎనిమిదిన్నరకు. మీరు ఒక్కసారి ఏడున్నరకే వచ్చి చూడండి. కిటికీ ముందు అప్పటికే పెద్ద లైను ఉంటుంది, కానీ అందులో మనుషులు ఉండరు. ఒక జత రబ్బరు చెప్పులు, వాటి వెనక గుడ్డ సంచి, దాని వెనక సగం నీళ్ళున్న బాటిలు, ఆ వెనక ఇటుక ముక్క కింద పెట్టిన పాత చీటీ. చెప్పుల తాలూకు మనిషి వేపచెట్టు కింద అరుగు మీద కూర్చుని ఉంటాడు. ఇటుక పెట్టినామె పిల్లవాణ్ణి బాత్రూముకు తీసుకెళ్ళి ఉంటుంది. ఎవరి వస్తువు తర్వాత ఎవరిదో అందరికీ గుర్తే, దాని మీద పెద్దగా తగాదాలు కూడా రావు. కిటికీ తెరవగానే గార్డు "లైన్లో నిలబడండి" అని కేకేస్తాడు. అందరూ లేచి వచ్చి ఎవరి చెప్పుల్లో వాళ్ళు కాళ్ళు పెట్టుకుని నిలబడతారు. తోపులాట అప్పుడు మొదలవుతుంది.

నేను 33 ఏళ్ళు ఒక ఫ్యాక్టరీలో ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. పని ఎలా జరుగుతోందో దగ్గరుండి చూడటం, దానిలో అనవసరమైన శ్రమ ఎక్కడుందో పట్టుకోవడం, తీసేయడం, ఇదే మా ఉద్యోగం. ఆ కళ్ళతో చూస్తే ఆ చెప్పుల లైను నాకు ఒక అర్జీలా కనిపించింది. మాకు నిలబడటం వద్దు, మా వంతు మాకు ఉంటే చాలు అని పేషెంట్లు ప్రతి పొద్దున మీకు పెట్టుకుంటున్న అర్జీ అది. మనం ఇవ్వని టోకెన్లను వాళ్ళే చెప్పులతో తయారు చేసుకున్నారు.

ఏ జిల్లా, ఏ ఆసుపత్రి అన్నది ఈ ఉత్తరంలో రాయలేదు. ఎవరినీ బజారుకీడ్చాలని నాకు లేదు. చదివితే మీకు తెలుస్తుంది. మిగతా ఊళ్ళలో ఇలాంటి కుర్చీల్లో ఉన్నవాళ్ళకూ పనికొస్తుందని బహిరంగంగా రాస్తున్నాను.

మా అమ్మకు 82 ఏళ్ళు. బీపీ, షుగరు రెండూ ఉన్నాయి. నెలకోసారి మీ ఆసుపత్రికే తీసుకొస్తాను. ఆమెకు మీ డాక్టరు గారంటే నమ్మకం, ఇంకెక్కడికీ రానంటుంది. మొన్న వచ్చినప్పుడు పాత అలవాటు కొద్దీ జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని టైము రాసుకున్నాను. గేటు లోపలికి వచ్చింది 7.40కి. చీటీ చేతికొచ్చింది 9.15కి. బీపీ చూసింది 9.50కి. డాక్టరు గారి ముందు కూర్చున్నది 10.55కి. ఫాస్టింగ్ షుగర్ పరీక్ష రాశారు. ల్యాబులో రక్తం తీసింది 11.35కి. మందులు తీసుకున్నది 12.25కి. మొత్తం 285 నిమిషాలు. అందులో చీటీ రాయడం, బీపీ, డాక్టరు గారు చూడటం, రక్తం తీయడం, మందులివ్వడం అన్నీ కలిపి ఎవరో ఒకరు ఆమె పని చేసినది 11 నిమిషాలు. ఇక్కణ్ణుంచి అక్కడికి నడిచినది ఒక పావుగంట. మిగతా నాలుగు గంటల 19 నిమిషాలూ ఆమె ఆగి ఉంది, చాలాసేపు నిలబడే.

ముందు రోజు రాత్రి ఎనిమిదింటికి తిన్నది. పదకొండు దాటాక ల్యాబు బయట గోడకు చెయ్యి ఆనించి "ఒరే, కళ్ళు తిరుగుతున్నాయిరా" అంది. పక్కనున్న ఒక కుర్రాడు లేచి చోటిచ్చాడు. షుగరు ఉన్న ముసలామెను పదిహేను గంటల పైన కడుపు మాడ్చి ఉంచాలని మీ ఆసుపత్రిలో ఏ ఒక్కరూ అనుకోలేదు. డాక్టరు గారు తల ఎత్తే తీరిక లేకుండా చూస్తున్నారు. ల్యాబు అమ్మాయి టీ కూడా తాగలేదు. ఎవరి పని వాళ్ళు ఒళ్ళు దాచుకోకుండా చేస్తున్నారు. అయినా అది జరిగింది. ఒక్కొక్క కిటికీ దగ్గర ఏం జరుగుతోందో ఆ కిటికీ వెనకున్న మనిషికి తెలుసు. ఒక కిటికీకీ ఇంకో కిటికీకీ మధ్య ఏం జరుగుతోందో చూసే మనిషి మాత్రం జీతాల పట్టీలో ఎవరూ లేరు.

ఆ రోజుతో పని అయిపోలేదు కూడా. రిపోర్టు మధ్యాహ్నం రెండున్నరకు వస్తుందన్నారు. అప్పటికి ఓపీ ఉండదు. రిపోర్టు చూడకుండా మందు మార్చలేరు కాబట్టి డాక్టరు గారు మూడు రోజులకు పాత మందులే రాసి, మర్నాడు రమ్మన్నారు. ఆయన చేసింది సరైనదే. మర్నాడు మళ్ళీ వచ్చాం. నిన్నటి చీటీ చెల్లదన్నారు, మళ్ళీ చీటీ లైను. మళ్ళీ డాక్టరు గారి గది ముందు లైను. రిపోర్టు చూసి మందు రాయడానికి ఆయనకు పట్టింది ఒక్క నిమిషం. మళ్ళీ మందుల లైను.

ఫ్యాక్టరీలో దీన్ని రీవర్కు అంటాం. ఒకసారి చేసిన పని పూర్తి కాక అదే వస్తువు మళ్ళీ అదే మిషను దగ్గరకు రావడం. రీవర్కు ఎక్కువైతే మిషన్లు చాలడం లేదనిపిస్తుంది, కొత్త మిషను కొనమని ఫైలు కదులుతుంది. మీ ఓపీ లైనులో మర్నాడు నా ముందూ వెనకా నిలబడ్డవాళ్ళను అడిగాను. నా ముందున్న పెద్దాయన చేతిలో ఉన్నదీ ఎక్స్‌రే కవరే, నా వెనకామె కొంగున ముడేసుకున్నదీ రక్తం రిపోర్టే. "నిన్నా వచ్చాను బాబూ, ఇవాళ చూపించుకుని పోదామని" అన్నాడాయన. ఈ లైనులో కొంత భాగాన్ని రోగాలు తీసుకురాలేదు. నిన్న మనం సగంలో వదిలేసిన పని తీసుకొచ్చింది. ఎంత భాగం అన్నది నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా. అది లెక్కపెట్టి తేల్చాల్సింది. మీ దగ్గర ఆ లెక్క ఉందా? రోజుకు ఎన్ని ఓపీలు అన్న లెక్క తప్పక ఉంటుంది, పైకి పంపిస్తారు. అందులో కొత్త జబ్బుతో వచ్చినవారెందరు, రిపోర్టు చూపించడానికి వచ్చినవారెందరు, మందులు అయిపోయి వచ్చినవారెందరు అన్నది ఎక్కడా రాయరు. ముగ్గురూ ఒకే లైనులో నిలబడతారు, ముగ్గురూ ఒకే అంకె అవుతారు.

అమ్మ విషయంలో పరిష్కారం ఎంత దగ్గర్లో ఉందో చూడండి. ఆమెకు వచ్చే నెల ఫాస్టింగ్ షుగర్ చూడాలని డాక్టరు గారికి ఈ నెలే తెలుసు. ఈ నెల చీటీ మీదే ఆ పరీక్ష రాసిస్తే వచ్చే నెల ఆమె నేరుగా రక్తం ఇచ్చేచోటికి వెళుతుంది. ఏడున్నరకు రక్తం ఇస్తుంది. ఇంటి నుంచి తెచ్చుకున్న ఇడ్లీ తింటుంది. డాక్టరు గారిని చూసే వేళకు రిపోర్టు ఆయన బల్ల మీద ఉంటుంది. మర్నాటి ప్రయాణం, మర్నాటి మూడు లైన్లు ఉండవు. దీనికి కావాల్సింది ఒక ల్యాబు టెక్నీషియను డ్యూటీ ఒక గంట ముందుకు జరగడం, పాత పేషెంట్లకు ముందే పరీక్ష రాయడానికి డాక్టర్లు ఒప్పుకోవడం. ఎవరికి రాయవచ్చు, ఎవరికి రాయకూడదన్నది వైద్యం, అందులో నాకు మాట లేదు. బీపీ, షుగరు నిలకడగా ఉన్నవాళ్ళకు ఒకేసారి రెండు నెలల మందులివ్వచ్చా అన్నదీ వాళ్ళే చెప్పాలి, స్టాకు చూసి మీరు చెప్పాలి. ఇవ్వగలిగితే ఆ పేషెంటు ఏడాదికి పన్నెండుసార్లు కాకుండా ఆరుసార్లు వస్తారు. అంత లైను తగ్గించే టోకెన్ మిషను నాకు తెలిసి ఎక్కడా లేదు.

ఇంటికెళ్ళాక ఇంకో పని చేశాను. అడుగులతో కొలిచి మీ ఓపీ బ్లాకు నక్షా ఒక గ్రాఫు కాగితం మీద గీశాను. ఒక సెంటీమీటరుకు ఐదు మీటర్లు. అట్ట మీద అంటించి, చీటీ కిటికీ, బీపీ బల్ల, డాక్టరు గది, ల్యాబు, మందుల కౌంటరు, గేటు, ఒక్కోచోట ఒక గుండుసూది గుచ్చాను. మా మనవరాలు మల్లెపూలు కట్టే దారం తీసుకుని అమ్మ నడిచిన దారి వెంట సూది నుంచి సూదికి చుట్టుకుంటూ పోయాను. రెండు రోజుల నడకా అయ్యాక దారం విప్పి కొలిస్తే ఒక మీటరు ముప్పై సెంటీమీటర్లు ఉంది. అంటే 650 మీటర్లు. మోకాళ్ళ నొప్పులున్న మనిషి. అట్ట చూస్తే ఇంకోటి కూడా కనిపించింది. దారంలో అన్నిటికన్నా పొడుగు ముక్క ఓపీ నుంచి వెనక బ్లాకులోని ల్యాబుకు, మళ్ళీ అక్కణ్ణుంచి ముందున్న మందుల కౌంటరుకు. ల్యాబును కదపక్కర్లేదు. రక్తం తీసే బల్ల, కుర్చీ, ఒక నర్సు ఓపీ వరండాలోకి వస్తే చాలు. అరగంటకోసారి ట్యూబుల ట్రే పట్టుకుని అటెండరు ఒక్కడు వెళ్ళొస్తాడు. ల్యాబుకు చేరాల్సింది రక్తం, మనిషి కాదు.

ఈ దారం పద్ధతి నేను కనిపెట్టింది కాదు. మా శాస్త్రంలో మొదటి పాఠాల్లోనే ఉంటుంది. పనిని ఇలా దగ్గరుండి గమనించడం ఫ్రాంక్ గిల్‌బ్రెత్ అనే ఆయన అమెరికాలో తాపీపని నేర్చుకుంటూ మొదలుపెట్టాడు. ఒక ఇటుక పెట్టడానికి మేస్త్రీ 18 కదలికలు చేయడం గమనించాడు. ఇటుకల్ని నేల మీద కాకుండా నడుమెత్తున పెట్టించి, సున్నం సరిగ్గా కలిపించి, వాటిని ఐదుకు తెచ్చాడు. మేస్త్రీని తొందరపెట్టి కాదు, వంగే పని తప్పించి. తర్వాత ఆయన ఆపరేషన్ థియేటర్లలో సినిమా కెమెరా పెట్టి చూశాడు. డాక్టరు పనిముట్టు కోసం తనే వెతుక్కోకుండా పక్కనున్న నర్సు అడగ్గానే చేతికి అందించాలని చెప్పినవాడు ఆయనే. ఇవాళ ఏ థియేటరులో చూసినా అదే పద్ధతి. ఆయన భార్య లిలియన్, భర్త పోయాక పదకొండు మంది పిల్లల్ని పెంచుతూ, వంటగదులను అదే చూపుతో సరిచేసింది. వాళ్ళిద్దరూ 1921లో అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం ముందు పెట్టిన ప్రాసెస్ చార్టునే మేం ఫ్యాక్టరీలో రోజూ వాడేవాళ్ళం. ఇప్పుడు వాడే రూపంలో పని జరిగితే సున్న, కదిలితే బాణం, తనిఖీ అయితే చదరం, ఆగితే ఇంగ్లీషు డి అక్షరం వేస్తాం. మా అమ్మ చార్టు రాస్తే ఐదు సున్నాలు వచ్చాయి. డి అక్షరాలు పేజీ నిండా ఉన్నాయి.

మందుల కౌంటరు గురించి కాస్త ఎక్కువ రాయాలి. అక్కడ అరగంట పైన ఒక పక్కన నిలబడి చూశాను. ఫార్మసిస్టమ్మ చీటీ తీసుకుంటుంది, చదువుతుంది. వెనక్కి తిరిగి పై అరలోంచి మెట్‌ఫార్మిన్ డబ్బా దించుతుంది. డాక్టరు పదిహేను రోజులకు పూటకొకటి చొప్పున రాస్తే ముప్పై మాత్రలు, మూడు షీట్లు. పాతికే రాస్తే రెండు షీట్లు తీసి, మూడోదాన్ని కత్తెరతో సగానికి కోస్తుంది. మిగిలిన ముక్క ఒక ట్రేలో పడేస్తుంది. తర్వాత వచ్చినవాళ్ళకు ఆ ట్రేలోంచి ముక్కలు ఏరి, ఎక్స్‌పైరీ తేదీ కోసిన వైపు పోయిందేమో చూసి, లెక్కపెట్టి ఇస్తుంది. ఆమ్లోడిపిన్ కోసం ఇంకో వైపు నాలుగడుగులు. ఇన్సులిన్ అయితే లేచి వెనక గదిలో ఫ్రిజ్ దాకా. తిరిగొచ్చి కవరు మీద పొద్దున, రాత్రి గీతలు పెడుతుంది. "తిన్నాక వేసుకోండమ్మా" అని కిటికీ లోంచి అరుస్తుంది, అవతలామెకు వినపడదు, మళ్ళీ అరుస్తుంది. రిజిస్టరులో రాస్తుంది, కంప్యూటరులో కొడుతుంది.

రద్దీ తగ్గాక వెళ్ళి, "అమ్మా, నీకు ఇందులో ఏది విసుగు?" అని అడిగాను. ఒక్క క్షణం ఆలోచించలేదు. "కత్తెర బాబాయ్ గారూ. సాయంత్రానికి బొటనవేలు వాచిపోతుంది. అంతా పదుల లెక్కలో రాస్తే కత్తెరే పట్టక్కర్లేదు. ఎవరికి చెప్పను?" అంది. ఆ అమ్మాయి ఆ కౌంటరులో ఏళ్ళ తరబడి పనిచేస్తోంది. ఆ కౌంటరును ఎలా బాగుచేయాలో ఆమెకు నాకన్నా తెలుసు, మీకన్నా తెలుసు. ఇప్పటి దాకా ఆమెను ఎవరూ అడగలేదు, అంతే.

ఆమె చెప్పినదానికి నేను రెండు కలుపుతాను. మాత్రలు పదుల లెక్కలో రాయడానికి డాక్టర్లు ఒప్పుకుంటే, ఎక్కువగా వెళ్ళే నాలుగైదు మందులను నెలకు సరిపడా కట్టలుగా పొద్దున్నే, కౌంటరు తెరవక ముందే కట్టిపెట్టుకోవచ్చు. రద్దీలో చేసే పనిని రద్దీ లేనప్పటికి జరపడం ఇది. మా అమ్మ పెళ్ళిళ్ళకు వంట చేయించేటప్పుడు కూరలు ముందు రాత్రే తరిగించేది, సూత్రం అదే. రెండోది, రోజుకు ఎక్కువసార్లు చెయ్యి వెళ్ళే మందు చెయ్యి అందే ఎత్తులో, కుడిపక్క ఉండాలి. ఇప్పుడు అరలు ఇంగ్లీషు అక్షరాల వరుసలో ఉన్నాయి. స్టాకు సరిచూసుకోవడానికి అది బాగుంటుంది, ఇవ్వడానికి కాదు.

ఇక లైన్ల సంగతి. చీటీలకు మూడు కిటికీలు, మూడు లైన్లు. మగవాళ్ళకు, ఆడవాళ్ళకు, వృద్ధులకూ వికలాంగులకూ. మంచి ఉద్దేశంతోనే పెట్టారు. కానీ ఆ రోజు వృద్ధుల లైనే అన్నిటికన్నా పొడుగు, మగవాళ్ళ కిటికీ దగ్గర కాసేపు ఎవరూ లేరు. మగవాళ్ళ కిటికీ అతను పిలవలేడు, వీళ్ళు వెళ్ళలేరు. ఈ లెక్క కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే గణితవేత్త 1909 నుంచే వేస్తూ వచ్చాడు. ఫోను కలిపే వాళ్ళు ఎందరుంటే జనం ఎంతసేపు ఆగాలి అన్నది అతని ప్రశ్న. ఆ లెక్క ప్రకారం, జనం ఎప్పుడు పడితే అప్పుడు వస్తూ, ఒక్కొక్కరి పనికి ఒక్కో సమయం పడుతూ, రెండు కిటికీలూ నూటికి 90 పాళ్ళు పనిలో ఉన్నాయనుకుందాం. విడివిడిగా రెండు లైన్లు పెడితే సగటున పదహారు మంది ఎదురుచూస్తుంటారు. అదే జనానికి, అవే రెండు కిటికీలకు, ఒకే వరుస పెట్టి ఎవరు ఖాళీ అయితే వాళ్ళు పిలిస్తే ఎదురుచూసేవాళ్ళు ఎనిమిది మంది లోపే. ఒక్క మనిషిని అదనంగా వేయకుండా సగం. ఆడవాళ్ళకు వేరే లైను ఎందుకు పెట్టారో నాకు తెలుసు, తోపులాట భయం. గేటు దగ్గరే వరుస నంబరు కాగితం ఇచ్చి, అందరినీ వరండాలో కూర్చోబెట్టి, నంబరుతో పిలిస్తే తోసుకోవడానికి ఏముంటుంది? వృద్ధులకు నంబరు ముందు ఇవ్వండి. పొద్దున చెప్పులు చేస్తున్న పనే ఇది, కాగితం మీద.

అదే లెక్కలో ఇంకొకటి ఉంది, దయచేసి ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి. ఒక్క కౌంటరు నూటికి 80 పాళ్ళు పనిలో ఉంటే, పని జరుగుతున్న మనిషితో కలిపి దాని దగ్గర సగటున నలుగురుంటారు. 90 అయితే తొమ్మిది మంది. 95 అయితే 19 మంది. ఇంకో ఐదు పాళ్ళ తీరిక కూడా పిండేస్తే లైను రెండింతలైంది. కౌంటరులో మనిషి రెండు నిమిషాలు ఖాళీగా కనిపించాడని ఇంకో డ్యూటీ కూడా అప్పగించడం నేను చాలాచోట్ల చూశాను, మీ దగ్గరా చూశాను. చీటీలు రాసే అబ్బాయి మధ్యలో లేచి జనన ధృవపత్రాల రిజిస్టరు తేవడానికి వెళుతున్నాడు. ఆ తీరికే లైనును పొట్టిగా ఉంచుతోంది. అది వృథా కాదు. సిబ్బంది చాలరన్న మాట నిజమే, ఖాళీలు నింపమని మీరు పైకి రాస్తూనే ఉన్నారనీ తెలుసు. ఆ పోరాటంలో మేమూ మీ వెంటే. ఉన్నవాళ్ళను చీటీ కిటికీ నుంచి లేపకుండా ఉండటం మాత్రం ఇవాళే మీ చేతిలో ఉంది.

అభివృద్ధి సంఘం నిధులతో టోకెన్ మిషను, పెద్ద టీవీ కొనాలని ఆలోచిస్తున్నట్టు విన్నాను. ఓపీకి 2022 అక్టోబరులో వచ్చిన స్కాన్ అండ్ షేర్ పద్ధతి, ఫోనుతో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఆభా (ప్రభుత్వ డిజిటల్ ఆరోగ్య ఖాతా) వివరాలు కౌంటరుకు వెళ్ళి టోకెన్ రావడం, మంచిదే. ఫోను చేతనైనవాళ్ళకు కిటికీ పని తప్పుతుంది. అయితే చీటీ తొందరగా వచ్చినంత మాత్రాన డాక్టరు గారి గది తలుపు వెడల్పు కాదు. కాలువను ఎగువన ఎంత వెడల్పు చేసినా దిగువన తూము ఒకటే అయితే నీళ్ళు ఆ తూము ముందే నిలుస్తాయి. మీ తూము డాక్టరు గారి సమయం. అందులో ఒక్కో పేషెంటు దగ్గర ఎంతసేపు వైద్యానికి పోతోంది, ఎంతసేపు పాత చీటీ వెతకడానికి, పేరూ వయసూ మళ్ళీ రాయడానికి పోతోంది అన్నది ముందు చూడాలి. మదురైలో డాక్టర్ జి. వెంకటస్వామి గారు 1976లో పదకొండు పడకలతో మొదలుపెట్టిన అరవింద్ కంటి ఆసుపత్రి చేసింది ఇదే. సర్జను పక్కన రెండు బల్లలు. ఒక బల్ల మీద ఆపరేషను అవుతుండగా రెండో బల్ల మీద తర్వాతి పేషెంటును నర్సులు సిద్ధం చేస్తారు. సర్జను అటు నుంచి ఇటు తిరుగుతాడు. డాక్టరు మాత్రమే చేయగలిగిన పని డాక్టరుకు, మిగతాది శిక్షణ ఉన్న సిబ్బందికి. మీ ఓపీలో బీపీ చూసే నర్సమ్మే పాత చీటీ, రిపోర్టులు వరుసగా పెట్టి లోపలికి పంపితే డాక్టరు గారికి ఒక్కో మనిషి దగ్గర మిగిలే సమయం మళ్ళీ పేషెంటుకే దక్కుతుంది. అమ్మకు దక్కిన నాలుగు నిమిషాల్లో ఒకటిన్నర నిమిషం ఆయన కాగితాలే తిప్పారు.

ఇప్పుడు నేను అడగబోయేది చెబుతాను, ముందు ఒక జాగ్రత్త. పనిని గమనించడమంటే మీ సిబ్బంది భయపడతారు, భయపడటం సహజం. నేను ఉద్యోగంలో చేరిన ఏడాది ప్యాకింగ్ సెక్షనులో స్టాప్‌వాచీ పట్టుకుని ఒక పెద్దాయన వెనక నిలబడ్డాను. రెండు గంటలు ఊరుకుని, "బాబూ, నువ్వు గడియారాన్ని చూస్తున్నావు, నన్ను చూడట్లేదు" అన్నాడు. మర్నాడు మా ఆఫీసరు వాచీ తీసేసుకుని ఆ పని నన్నే ఒక షిఫ్టు చేయమన్నారు. సాయంత్రానికి నడుం ఎత్తలేకపోయాను. ప్రతి పెట్టెకూ నేల దాకా వంగుతున్నారు అక్కడివాళ్ళు. నా కాగితం మీద సెకన్లు ఉన్నాయి, వంగడం లేదు. టొయోటా కార్ల కంపెనీలో ఉత్పత్తి పద్ధతిని తీర్చిదిద్దిన తైచి ఓనో కూడా తన మేనేజర్లను నేల మీద సుద్దతో గీసిన గుండ్రంలో నిలబెట్టి, కనిపించే దాకా చూడమనేవారని చెప్పుకుంటారు. అందుకని ఈ పరిశీలనలో ఏ ఉద్యోగి పేరూ రాయకూడదు, ఎవరి చేతి వేగమూ కొలవకూడదు. మేం వెంట నడిచేది పేషెంటుతో, ఉద్యోగి వెనక కాదు. రాసినదంతా మొదట సిబ్బందే చూడాలి, తప్పు రాస్తే వాళ్ళే దిద్దాలి. ఆ కాగితాల ఆధారంగా ఒక్క మెమో కూడా ఇవ్వబోమని మీరు రాతపూర్వకంగా చెప్పాలి. అది లేకుండా నేను పుస్తకం తెరవను.

అది ఇస్తే, పది పనిదినాలు అనుమతించండి. ఊళ్ళోని ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ మూడో ఏడాది పిల్లలతో మాట్లాడతాను, వాళ్ళకు ఇంతకన్నా మంచి ప్రాజెక్టు దొరకదు. ఒక్కో పేషెంటు ఒప్పుకుంటే వెంట ఒక్కో విద్యార్థి, గేటు నుంచి గేటు దాకా. జబ్బేమిటని అడగరు, గదిలోకి రారు, బయటే ఉంటారు. ఎక్కడ ఎంతసేపు ఆగారు, ఎందుకు వచ్చారు, మళ్ళీ రమ్మన్నారా, ఇంతే రాస్తారు. పదకొండో రోజున మీరు, ఒక డాక్టరు, ల్యాబు, ఫార్మసీ, చీటీ కిటికీ, గార్డు, ఒక్కొక్కరు చొప్పున కూర్చుని ఆ కాగితాలు చూద్దాం. గార్డును మరిచిపోవద్దు, లైను గురించి అతనికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. అప్పుడు ఒకే ఒక్క మార్పు ఎంచుకుని పదిహేను రోజులు చేసి చూద్దాం. నా మటుకు నేను ముందే రక్తం తీసే పద్ధతిని ఎంచుకుంటాను, వాళ్ళు కత్తెర అంటే కత్తెరే. పనికి రాకపోతే పాత పద్ధతికే వెళ్ళిపోవచ్చు. టోకెన్ మిషను డబ్బు అప్పటి దాకా బ్యాంకులోనే ఉండనివ్వండి.

నాకు జీతం, గౌరవ వేతనం ఏమీ వద్దు. కాగితాలు, అట్టలు, గుండుసూదులు నేనే తెచ్చుకుంటాను.

అమ్మ మందులు వచ్చే నెల 14తో అయిపోతాయి. 13న, బుధవారం, ఏడున్నరకు ఆమెను తీసుకుని గేటు దగ్గర ఉంటాను. సూపరింటెండెంట్ గారూ, ఆ ఒక్క రోజు మీ గదిలోకి వెళ్ళకుండా, తెల్లకోటు లేకుండా, మా వెంట రండి. అమ్మ చెయ్యి ఒకవైపు నేను పట్టుకుంటాను, రెండోవైపు మీరు పట్టుకోండి. ఆమె ఎక్కడ ఆగితే అక్కడ ఆగుదాం.

ఇట్లు,
మీ ఆసుపత్రికి నెలనెలా వచ్చే ఒక పేషెంటు కొడుకు